ఆ ఫిల్టర్ తీసేపిస్తే ఏమైతాది సార్?

బీపీ మాత్రలు రాయించుకోవడానికి ఆమడగూరు నుంచి వచ్చిన ఒకాయన, చీటీ జేబులో పెట్టుకుని లేస్తూ అడిగిన ప్రశ్న ఇది. ఫిల్టర్ అనగానే మంచినీళ్లదేమో అనుకున్నాను. మన వైపు ఫ్లోరైడ్ భయం ఉంది కదా, అలాంటి ప్రశ్నలు మామూలే. కాదట, కారుదట.

నాలుగేళ్ల కిందట కొన్న డీజిల్ కారు. ఊళ్లో అంగడి, పిల్లల బడి, వారానికోసారి ఓడీ చెరువు. అంతకుమించి తిరగదు. కొన్నాళ్లుగా డ్యాష్‌బోర్డులో పసుపు రంగు లైటు వెలుగుతోంది, బండి లాగడం లేదు. షోరూములో ఫిల్టర్ మార్చాలన్నారట, లక్ష పైమాటే చెప్పారట. తెలిసిన మెకానిక్ మాత్రం ‘అంత ఖర్చు ఎందుకన్నా, ఆ డబ్బా కోసి లోపలిది తీసేస్తా, కంప్యూటర్‌లో సెట్టింగ్ మారుస్తా, లైటు మళ్లీ రాదు, మైలేజీ కూడా పెరుగుతాది’ అన్నాడట. అతను అడిగింది షోరూము లెక్కలో పదో వంతు.

‘మరి నన్నెందుకు అడుగుతున్నారు?’ అన్నాను.

‘అమ్మకు ఆయాసం గదా సార్. ఆ కార్లోనే మీ దగ్గరికి తీసుకొస్తాం. ఆమెకేమన్నా అయితాదేమోనని.’

కారు రిపేరుకు డాక్టరు సలహా ఏమిటని మీకు అనిపించవచ్చు. ఆయన అడిగింది సరైన మనిషినే అని నాకనిపించింది. ఆ డబ్బా ఇంజన్ కోసం పెట్టింది కాదు. అది లేకపోయినా ఇంజన్ నడుస్తుంది. అది పెట్టింది మన ఊపిరితిత్తుల కోసం.

ఇప్పుడే ఎందుకు ఈ గొడవ?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. అంతకుముందు బీఎస్-4లో డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల వరకు మసి వదలవచ్చు. బీఎస్-6లో ఆ హద్దును 4.5 మిల్లీగ్రాములకు దించారు. బరువుతో పాటు కణాల సంఖ్యకు కూడా హద్దు పెట్టారు. పంపులో పోసే డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి తగ్గింది. ఇంత తక్కువ మసి హద్దును ఇంజన్‌ను సరిచేసి మాత్రమే అందుకోవడం కష్టం. అందుకే డీజిల్ కార్ల పొగగొట్టంలో డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ వచ్చి కూర్చుంది. మెకానిక్కులు డీపీఎఫ్ అనేది దీన్నే.

ఇది మనకు మరీ దూరపు విషయం కాదు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019లో మొదలైన కియా ఫ్యాక్టరీలో తయారయ్యే డీజిల్ కార్లకూ ఇదే ఏర్పాటు. జాతీయ రహదారి మీద కొత్త కార్లను ఎక్కించుకుని వెళ్లే పొడవాటి లారీలను మనం రోజూ చూస్తూనే ఉంటాం. ఆ ఫిల్టర్లతో మొదట రోడ్డెక్కిన బండ్లకు ఇప్పుడు వారంటీ తీరుతోంది. షోరూములో ఊరికే చూసే రోజులు పోయి, బిల్లు మన జేబులోంచి కట్టే రోజులు వచ్చాయి. కోసేయండి అనే సలహా ఇప్పుడు గట్టిగా వినిపించడానికి కారణం అదే.

ఫిల్టర్ లోపల ఏముంది?

తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ. సన్నని గొట్టాలు వందల కొద్దీ పక్కపక్కన ఉంటాయి. ఒకదానికి ముందు మూత, దాని పక్కదానికి వెనక మూత. లోపలికి వచ్చిన పొగకు నేరుగా బయటికి దారి ఉండదు, పింగాణీ గోడలోని సూక్ష్మ రంధ్రాల గుండానే పోవాలి. గాలి పోతుంది, మసి ఆగిపోతుంది. బాగా పనిచేసే ఫిల్టర్ నూటికి 95 పాళ్లకు పైగా మసిని ఆపేస్తుంది.

ఆగిన మసిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి కదా. ఫిల్టర్ దాన్ని తనలోనే కాల్చేసుకుంటుంది. బండి హైవే మీద ఓ వేగంలో పోతున్నప్పుడు పొగ వేడికి కొంత మసి దానంతటదే కాలిపోతుంది. అది చాలకపోతే కంప్యూటర్ కొంచెం డీజిల్ ఎక్కువ పోయించి ఫిల్టర్ వేడిని 600 డిగ్రీల దాకా పెంచి కాలుస్తుంది. ఇందుకు పదిహేను, ఇరవై నిమిషాలు బండి ఆగకుండా నడవాలి. మన ఆమడగూరు ఆయన కారు ఎప్పుడూ అంతసేపు నడవలేదు. బడి దగ్గర ఆపేస్తారు, అంగడి దగ్గర ఆపేస్తారు. కాల్చడం సగంలో ఆగుతుంది. మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. మసి పేరుకుంటుంది. ఇలా సగంలో ఆగిన ప్రతిసారీ ఎక్కువ పోసిన డీజిల్‌లో కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచబరుస్తుంది కూడా.

నా కారూ డీజిలే. రెండేళ్లు ఇల్లు, ఆస్పత్రి, ఇల్లు అన్నట్టు తిప్పాక నాకూ ఆ లైటు వెలిగింది. ఒక ఆదివారం హైవే ఎక్కి అరగంట ఒకే వేగంలో నడిపితే ఆరిపోయింది. అంతవరకూ ఆ లైటు బొమ్మకు అర్థమేమిటో నేను కూడా పుస్తకం తీసి చూడలేదు. ఇందులో మెకానిక్కులనే అనడానికి లేదు.

తీసేస్తే ఒంట్లోకి పోయేదేమిటి?

వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. డీజిల్ మసి కణాల్లో ఎక్కువ భాగం ఒక మైక్రాన్‌లో పదో వంతు కూడా ఉండవు. దుమ్ము ముక్కులో ఆగుతుంది, గొంతులో ఆగుతుంది, చీదితే, దగ్గితే బయటికి వస్తుంది. ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగే మనకు అది అలవాటే. ఈ మసి అలా ఆగదు. ఊపిరితిత్తుల చిట్టచివర, గాలికీ రక్తానికీ మధ్య పలుచటి పొర మాత్రమే ఉండే గాలి తిత్తుల దాకా పోతుంది. అందులో కొంత రక్తంలోకీ దిగుతుంది. పోతూ పోతూ ఒంటరిగా పోదు. సగం కాలిన డీజిల్‌లోని బెంజోపైరీన్ లాంటి రసాయనాలను ఒంటికి పూసుకుని పోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించేదిగా తేల్చి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్నదీ ఆ వర్గంలోనే. ఇక్కడ ఒక మాట. ఒకే వర్గంలో ఉన్నాయంటే ప్రమాదం సమానమని కాదు, ఆధారం అంత గట్టిదని అర్థం. రోజూ బీడీ తాగేవాడికి ఉన్న ముప్పు, ఎదురుగా కారు పోతే మీకు ఉండే ముప్పు ఒకటి కావు.

క్యాన్సర్ ఏళ్ల మీద సంగతి. నేను ఓపీలో ఎక్కువగా చూసేవి ఆయాసం, ఉబ్బసం, గుండెనొప్పి. ఉబ్బసం ఉన్న 60 మందిని లండన్‌లో రెండు గంటల సేపు ఒకరోజు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో, ఇంకోరోజు హైడ్ పార్కులో నడిపించారు. ఆ వీధిలో తిరిగేవి డీజిల్ బస్సులు, ట్యాక్సీలే. పార్కులో నడిచిన రోజు కంటే వీధిలో నడిచిన రోజు వాళ్ల ఊపిరి సామర్థ్యం ఎక్కువగా తగ్గింది. 2007లో అచ్చయిన పరిశోధన ఇది.

అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనాన్ని నేను గుండె జబ్బుల రోగులకు తరచూ చెబుతాను. అంతకుముందు గుండెపోటు వచ్చి తేరుకున్న 20 మంది పురుషులను ఒక గంటసేపు గదిలో ఉంచి, మధ్యమధ్య సైకిల్ తొక్కిస్తూ, పలచబరిచిన డీజిల్ పొగను పీల్పించారు. ఇంకోరోజు శుభ్రమైన గాలిని పీల్పించారు. పొగ పీల్చిన రోజు ఈసీజీలో గుండెకు రక్తం చాలడం లేదని చెప్పే మార్పు ఎక్కువగా కనిపించింది. రక్తపు గడ్డలను కరిగించుకునే శక్తి కూడా తగ్గింది.

మన ప్రశ్నకు సూటి జవాబు ఇచ్చింది 2011లో ఎడిన్‌బరా పరిశోధకులు స్వీడన్ వాళ్లతో కలిసి చేసిన ప్రయోగం. ఈసారి 19 మంది ఆరోగ్యవంతులు. ఒకసారి శుభ్రమైన గాలి, ఒకసారి డీజిల్ పొగ, ఒకసారి మసి ఫిల్టర్ గుండా వచ్చిన డీజిల్ పొగ. ఫిల్టర్ లేని పొగలో ఘన సెంటీమీటరుకు సుమారు లక్షన్నర కణాలు, ఫిల్టర్ పెట్టాక సుమారు 300. ఫిల్టర్ లేని పొగ పీల్చినప్పుడు రక్తనాళాలు సరిగా విప్పారలేదు, రక్తం గడ్డకట్టే గుణం పెరిగింది. ఫిల్టర్ పెట్టినప్పుడు ఆ చెడు మార్పులు రాలేదు. ఇంజన్ అదే, డీజిల్ అదే. తేడా ఆ డబ్బా.

ఒక్క కారుతో ఊరు మునిగిపోతుందా?

ఈ ప్రశ్న వేసేవాళ్లను నేను తప్పుపట్టను. ట్రాక్టర్లు, పాత లారీలు, జనరేటర్లు పొగ కక్కుతూనే ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఈ ఫిల్టరే లేదు. ఆమడగూరు మండలం పల్లెల్లో ఆయాసంతో వచ్చే పెద్దవయసు ఆడవాళ్లను అడిగితే చాలామంది ఒకటే చెబుతారు, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్నామని. వాళ్ల ఊపిరితిత్తులకు కారు కంటే పొయ్యి చేసిన హాని ఎక్కువ. ఫలానా కారు వల్ల ఫలానా మనిషికి జబ్బు వచ్చిందని ఏ డాక్టరూ చూపించలేడు. నేనూ చూపించలేను.

లెక్క మాత్రం చూడండి. నూటికి 95 పాళ్లు ఆపే ఫిల్టర్ ఉంటే బయటికి వచ్చేది 5. తీసేస్తే 100. ఒక కారు ఇరవై కార్లయినట్టు. ఊళ్లో ఐదుగురు ఇలా చేయిస్తే వంద కార్లు వచ్చి చేరినట్టు. అమెరికాలో ఇది పెద్ద ఎత్తునే జరిగింది. పదేళ్ల కాలంలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల్లో కాలుష్య నియంత్రణ పరికరాలు తీసేశారని అక్కడి పర్యావరణ సంస్థ 2020 నవంబరులో లెక్క తేల్చింది. ఆ బండ్లు తమ జీవితకాలంలో అదనంగా వదిలే మసి 5 వేల టన్నులని అంచనా. చలానాలు, కేసులు గట్టిగా ఉంటాయని పేరున్న దేశంలో సంగతి ఇది.

ఆ ఇరవై రెట్ల మసి ముందుగా చేరేది ఎవరికి? మీ ఇంటికే. పొద్దున పోర్టికోలో కారు స్టార్ట్ చేసి వేడెక్కనివ్వడం చాలామందికి అలవాటు. కిటికీ వెనక పిల్లలు నిద్రపోతుంటారు. బడి గేటు దగ్గర ఏసీ వేసుకుని ఇంజన్ ఆపకుండా కూర్చుంటారు. ఆరేడేళ్ల పిల్లల ముక్కు పెద్దవాళ్ల ముక్కు కంటే పొగగొట్టం ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. పిల్లల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియాలో పిల్లలను ఎనిమిదేళ్లపాటు గమనిస్తే, పెద్ద రహదారికి 500 మీటర్ల లోపు ఇళ్లున్నవారిలో ఊపిరితిత్తుల ఎదుగుదల వెనకబడినట్టు తేలింది. పెద్దయ్యాక ఆ లోటు పూడ్చే మందు నా దగ్గర లేదు.

ఇంకొకరిని మనం మరిచిపోతాం. ఆ డబ్బా కోసి, పింగాణీ దిమ్మను సుత్తితో పగలగొట్టి, దులిపే కుర్రాడు. వేల కిలోమీటర్ల మసి, బూడిద ఒక్క పూటలో అతని ముఖాన పడుతుంది. మాస్కు ఉండదు. బ్యాటరీ దుకాణాలు, వెల్డింగ్ షెడ్లలో పనిచేసే పిల్లలు దగ్గుతో వచ్చినప్పుడు ఏం పని చేస్తావని అడగడం నా అలవాటు. ఇకమీదట ఇది కూడా అడగాలి.

ఆమడగూరు తల్లి సంగతికి వస్తే, అప్పటికే గాలిగొట్టాలు కుంచించుకుపోయిన మనిషికి ఆ కొంచెం మసే ఎక్కువ. మామూలు మనిషికి గొంతులో గరగర, ఆమెకు రాత్రంతా పిల్లికూతలు. కోసి మళ్లీ అతికిన చోట వెల్డింగ్ సరిగా లేకపోతే పొగ కారు కింద నుంచే లీకవుతుంది, బండి ఆగి ఉన్నప్పుడు లోపలికీ రావచ్చు. ఆయనకు నేను చెప్పిన జవాబు, అవును, ఆమెకు అవుతుంది అనే.

పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుంది కదా?

రావచ్చు. అదే ఇందులో పెద్ద చిక్కు. మన దగ్గర డీజిల్ బండికి చేసే పరీక్ష పొగలోంచి వెలుతురు ఎంత పోతోందో చూస్తుంది, అంటే పొగ నల్లదనాన్ని కొలుస్తుంది. కొత్త తరం ఇంజన్ ఫిల్టర్ లేకపోయినా పాత లారీలా నల్లగా కక్కదు. అతి సూక్ష్మ కణాలు కంటికీ, ఆ యంత్రానికీ సరిగా ఆనవు. కాబట్టి ఫిల్టర్ తీసేసిన కారు కూడా సర్టిఫికెట్ తెచ్చుకోగలదు. సొంత కారును రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తీసుకెళ్లేది 15 ఏళ్లకు. అప్పటిదాకా బండి కిందికి వంగి చూసే అధికారి ఉండడు.

చట్టం లేదని కాదు. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణ తర్వాత అలా మార్పించిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కాలుష్య ప్రమాణాలు మీరి బండి నడిపితే 10 వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. కాగితం మీద గట్టిగానే ఉంది. పట్టుకునే పరికరం మాత్రం అందుకు సరిపోదు. బ్రిటన్ 2014 ఫిబ్రవరి నుంచే ఏటా చేసే బండి పరీక్షలో ఫిల్టర్ ఉందో లేదో చూడటం మొదలుపెట్టింది. డబ్బా పైకి అలాగే ఉంచి లోపల ఖాళీ చేస్తే కంటికి ఎలా తెలుస్తుంది? ఆ ఇబ్బంది చూసే నెదర్లాండ్స్ 2023 జనవరి నుంచి, జర్మనీ అదే ఏడాది జులై నుంచి పొగలో కణాలనే లెక్కపెట్టే యంత్రాలు తెచ్చాయి. కొన్ని నిమిషాల్లో అయిపోయే పరీక్ష అది. మన పొల్యూషన్ సెంటర్లకు కూడా అవి రావాలన్నది నా అభిప్రాయం. అనంతపురం నగరం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఉంది. హిందూపురం, ధర్మవరం లాంటి పట్టణాలు అందులో లేవు. అలా లేని ఊళ్లకు బండి దగ్గర చేసే పరీక్షే దిక్కు.

మరి లైటు వెలిగితే ఏం చేయాలి?

ముందు భయపడి కోయించకండి. చాలాసార్లు అది ‘నన్ను కాస్త నడిపించు’ అని బండి అడగడమే. రహదారి ఎక్కి, మీ కారు పుస్తకంలో చెప్పిన వేగంలో ఇరవై, ముప్పై నిమిషాలు ఆపకుండా నడపండి. కొడికొండ, పెనుకొండ మధ్య జాతీయ రహదారి ఇందుకు చక్కగా సరిపోతుంది. నెలకు రెండుసార్లు ఇలా తిప్పే పని ఉంటే అసలు లైటే రాకపోవచ్చు. ఒక జాగ్రత్త చెప్పాలి. కాల్చే సమయంలో పొగగొట్టం విపరీతంగా వేడెక్కి ఉంటుంది. మన వైపు ఉలవలు, కందులు రోడ్డు మీద పరిచి బండ్లతో తొక్కిస్తారు, చెనిక్కాయ కట్టె కుప్పలు పక్కనే ఉంటాయి. ఎండిన కట్టె మీద గానీ గడ్డి మీద గానీ ఆ కారును ఆపవద్దు.

లైటు అయినా ఆరకపోతే, లేదా ఇంజన్ లైటు కూడా తోడైతే, సర్వీస్ సెంటరులో కంప్యూటర్ పెట్టి మసిని కాల్పించవచ్చు. అదీ చాలకపోతే ఫిల్టర్‌ను విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించేవాళ్లు ఉన్నారు. కొత్తది కొనడం ఆఖరి మాట. ‘శుభ్రం చేసి చూశారా?’ అని అడగకుండా లక్ష రూపాయల కాగితం మీద సంతకం పెట్టకండి. ముఖ్యంగా, మసి అంత ఎందుకు వస్తోందో కనుక్కోమనండి. ఇంజెక్టర్ కారుతుండవచ్చు, టర్బో ఆయిల్ వదులుతుండవచ్చు, సెన్సర్ పాడై ఉండవచ్చు. వాటిని వదిలేసి ఫిల్టర్ తీసేయడమంటే జ్వరం వస్తే థర్మామీటరు పగలగొట్టడమే. ఇంజన్ ఆయిల్ కూడా ఏదంటే అది పోయించకూడదు. తక్కువ బూడిద మిగిల్చే రకం ఉంటుంది, డబ్బా మీద సీ2, సీ3 లాంటి గుర్తులు ఉంటాయి. మీ కారుకు ఏది అన్నది పుస్తకంలో రాసి ఉంటుంది. మసి కాలిపోతుంది గానీ ఆయిల్ బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

మైలేజీ కొంచెం పెరుగుతుందన్న మెకానిక్ మాట పూర్తిగా అబద్ధం కాదు. పొగకు అడ్డు తగ్గుతుంది కాబట్టి కొంత తేడా ఉండవచ్చు. ఆ తేడా ఏడాదికి ఎన్ని లీటర్లో, ఇంట్లో ఇన్‌హేలర్లకు ఎంతవుతోందో పక్కపక్కన రాసుకుని చూడండి. ఊళ్లోనే తిరిగే పని అయితే ఈసారి కొనేటప్పుడు డీజిల్ జోలికే పోకండి. రోజుకు పది కిలోమీటర్లు కూడా తిరగని ఇంటికి డీజిల్ కారు ఎందుకో నాకు అర్థం కాదు. అలా కొన్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

పాత డీజిల్ కారు కొంటున్నారా? బీఎస్-6 బండి అయితే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పొగగొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవండి. ఫిల్టర్ బాగున్న బండిలో గుడ్డకు పెద్దగా ఏమీ అంటదు. నల్లగా మసి వచ్చిందంటే ఆ బండిని నమ్మకమైన చోట చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

ఆమడగూరు ఆయన పదిహేను రోజుల తర్వాత అమ్మను తీసుకుని వచ్చారు. హైవే మీద తిప్పినా లైటు ఆరలేదట. వేరే చోట చూపిస్తే ఒక ఇంజెక్టర్ కారుతోందని తేలింది. దాన్ని మార్చి, ఫిల్టర్ విప్పి శుభ్రం చేశారు. షోరూము చెప్పినదాంట్లో నాలుగో వంతు అయింది. మెకానిక్ చెప్పినదానికంటే మాత్రం ఎక్కువే. ‘ఆ డబ్బులు మిగిలేవి సార్’ అన్నారు కొంచెం బాధగా. వాళ్లమ్మ ఇన్‌హేలర్ ఎలా పీలుస్తోందో చూపించమన్నాను. నోరు తెరవకుండా, పెదాల ముందు పెట్టుకుని కొడుతోంది. మిగతా సమయమంతా ఆమెకు అది నేర్పించడానికే సరిపోయింది.